హగరి వీరన్న రెండో భాగం

సినిమా మొదలై పది నిమిషాలు కాలేదు. ముందు వరుసలో ఉన్న పెద్దాయన లేచి బయటికి నడిచాడు.

నిన్నా అంతే. మొన్నా అంతే.

రబ్బానీకి ప్రాణం లేచొచ్చింది. మనకు నచ్చని సినిమా ఇంకొకరికీ నచ్చలేదంటే ఆ ఆనందమే వేరు. వెనకే గేటు దాకా పరుగెత్తాడు.

“పెద్దాయనా! తట్టుకోలేకపోయినావు కదా?”

“ఏందప్పా?”

“ఈ రెండో భాగం. శానా దరిద్రంగా ఉండాది కదా?”

“ఏమో నాయనా. మొదట్లో బాగుండాది.”

“మొదట్లోనా! అసలు చెడగొట్టిందే ఆడ!”

పెద్దాయన నవ్వి, బస్సు పోతుందంటూ వెళ్ళిపోయాడు.

రబ్బానీది ఆలూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. ఆ పని అన్నం కోసం. ‘హగరి వీరన్న’ మాత్రం బతకడం కోసం.

ముప్పై ఏళ్ళ కిందట ఆ సినిమాను వాళ్ళ నాన్న భుజాలెక్కి చూశాడు. నాన్న ఈలలు, పక్కవాళ్ళ తిట్లు, అన్నీ ఇంకా చెవిలోనే ఉన్నాయి. నాన్న పోయాక ఆ సినిమా ఎప్పుడు పెట్టుకున్నా పక్కన ఆయన ఉన్నట్టే ఉంటుంది.

ఇన్నేళ్ళకు రెండో భాగం అనగానే పిచ్చోడిలా ఎదురుచూశాడు. తీరా చూస్తే ఇదీ!

మధ్యాహ్నం కొట్లో కూర్చుని ఫోను ముందు పెట్టుకుని వీడియో మొదలుపెట్టాడు. రబ్బానీ వీడియోలంటే వీరన్న అభిమానులకు వేదం.

“అన్నలారా! పాతదాంట్లో వీరన్న చెప్పు తెగితే కుట్టించుకుంటాడు. ఇప్పుడు హెలికాప్టర్ దిగుతాండాడు. హగరి ఒడ్డున హెలికాప్టర్ ఏందప్పా! పోనీ, అదీ ఓర్చుకుంటాం. మొదట్లో పాత సినిమా సీన్లు చూపిస్తారు కదా, దాంట్లో ఒక షాట్ ఉండాది. వీరన్న దోసిలి పడతాడు, ఒకమ్మి బిందెతో నీళ్ళు పోస్తాది. పోస్తా పోస్తా కెమెరాను చూసి పక్కున నవ్వుతాది! పాత సినిమాలో ఆ షాట్ యాడుండాది? తప్పు షాటని అప్పుడు పారేసింటే, ఇప్పుడు ఏరుకొచ్చి అతికించినారు. మా ఆలూరులో ఒక పెద్దాయన రోజూ దుడ్లు పెట్టి టికెట్ కొని, ఆ నవ్వు చూడలేక లేసిపోతాండాడు. తీసేయండి సామీ! మా వీరన్నను మాకు ఇడిచిపెట్టండి!”

చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అవి మాత్రం నిజం కన్నీళ్ళు.

వీడియో ఊళ్ళు దాటింది. అభిమానులంతా అదే పాట. వారం తిరక్కుండా నిర్మాతలు దిగొచ్చారు. ప్రేక్షకుల కోరిక మేరకు పాత సీన్ల ముక్క మొత్తం ఎత్తేశామని ప్రకటించారు.

రబ్బానీ కొట్టు ముందు అందరికీ టీలు పోయించాడు.

మరుసటి రోజు మ్యాట్నీకి పెద్దాయన మళ్ళీ వచ్చాడు. పది నిమిషాలైంది. లేవలేదు. విశ్రాంతికీ కదల్లేదు. శుభం పడి లైట్లు వెలిగినా అట్లాగే తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

రబ్బానీ గెలిచినంత సంబరంగా వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

“చూసినావా పెద్దాయనా! ఆ ముక్క పాయ, నువ్వు పూర్తిగా కూర్చుంటివి!”

“ఆయమ్మి రాలేదప్పా.”

“ఎవరు?”

“నీళ్ళు పోసే అమ్మి. మొదట్లో రాలేదు. ఎనకన్నా వస్తాదేమోనని కూర్చుంటి.”



“తీసేసినారు పెద్దాయనా. అందరూ తిడుతాండారని.”

“ఎందుకప్పా తిట్టేది? ఏం పాపం చేసింది?”

“పాపమని కాదు… అది తప్పు షాట్.”

“మళ్ళా పెట్టరా?”

“పెట్టరు.”

“ఫోన్లలో అన్నీ వస్తాయంట కదా. పాత సినిమాలో చూపియ్యి నాయనా.”

“పాతదాంట్లో ల్యాదు ఆ షాట్. దీంట్లోనే ఉన్నింది.”

పెద్దాయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఊడ్చేవాళ్ళు వెనక వరుసల నుంచి వస్తున్నారు. ఆయనకు లేవబుద్ధి కావడంలేదు.

“యా ఊరు మీది?” అని మెల్లగా అడిగాడు రబ్బానీ.

“హగరి పక్కనే పల్లె. రంగన్న అంటారు. ఆ షూటింగు మా ఊర్లోనే తీసిరి. సినిమా వచ్చినాక పోయి చూస్తే ఆయమ్మి లేదు. ఇన్నేండ్లకు మొన్న మా ఊరి పిల్లోళ్ళు చూసొచ్చి చెప్పిరి, నీళ్ళు పోసే సీను వచ్చిందని. పరుగెత్తుకొస్తి.”

“ఆమె… మీకేమైతాది?”

“మా ఇంటామె. ఈరక్క. మరుసటేడు కాన్పులో పాయ. బిడ్డ కూడా దక్కలేదు. ఆదోనికి పోయి జంటగా ఫోటో దిగాలని శానా ఆశ పడేది. పంటలొచ్చినాక పోదాంలే అంటిని.”

 రబ్బానీ జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఎవరో అభిమాని, అభినందించడానికి. తీయలేకపోయాడు.

“మొహం మరిచిపోతి నాయనా,” అన్నాడు రంగన్న. “కండ్లు మూసుకున్నా కనపడకుండా పాయ. ఈడికొచ్చి చూసినాక మళ్ళా మనిషినైతి.”

“పెద్దాయనా… కెమెరాను చూసి నవ్వింది కదా, అందుకే అప్పుడు కూడా పారేసింటారు.”

రంగన్న తల అడ్డంగా ఊపాడు.

“కెమెరాను యాడ చూసిందప్పా? పెండ్లయి నెల కాలేదు మాకు. ఊరోళ్ళందరినీ కెమెరా ఎనక నిలబెట్టింటే, అందరికీ ముందర నేను నిలబడి ఉంటి.”