ఆరని పడుగు

పట్టణంలో ఖాళీగా కనబడిన ప్రతి స్థలాన్నీ ఒక కంపెనీ మరమనుషులు దుకాణాలుగా మార్చేస్తున్న కాలమది. చీరాల నేతపేటకు మిగిలింది ఒక్క ఉమ్మడి బయలు. పిల్లల ఆటలూ, పెళ్లి వంటలూ, మగ్గానికెక్కించే నిలువు దారాల పడుగులు ఆరబెట్టడమూ అక్కడే. దాన్ని చదును చేసేందుకు మరమనిషి వచ్చిన ఉదయం, వీరరాఘవమ్మ ఆ కొస నుంచి ఈ కొస దాకా గంజిపెట్టిన పడుగు చాచింది. మనుషులు పనిలో పెట్టిన వస్తువును తొలగించరాదన్నది మరమనిషికి నేర్పిన నియమం.

"ఎప్పటికి ఆరుతుందండీ?" అని అది మర్యాదగా అడిగింది.

"మబ్బేసింది కదయ్యా, చూద్దాం."

ఆ పడుగు ఆరేసరికి పక్కింటి సుభాషిణి తన పడుగు తెచ్చింది. మర్నాడు, మగ్గం ముట్టని బ్యాంకు గుమాస్తా ఆదిశేషుడూ ఒకటి మోసుకొచ్చాడు.

"లుంగీ కట్టుకోవడమే రాదు, నీకెందుకురా పడుగు!" అని వీరరాఘవమ్మ ముసిముసిగా నవ్వింది.

అంతలో గాలి లేచి దారాలు చిక్కుపడబోయాయి. "ఊరికే నిలబడ్డావేమయ్యా? ఆ కొస పట్టుకో!" అని ఆమె మరమనిషిని కేకేసింది. అది పట్టుకుంది. పట్టినవారు పడుగు ఆరేదాకా వదలకూడదన్న పేట ఆచారాన్నీ ఆమె దానికి నేర్పింది.

పడుగు వెనుక పడుగు వస్తూనే ఉంది. పని ఎందుకాగిందని చివరికి కంపెనీ అడిగింది.

"ఇంకా ఆరలేదండీ," అంది మరమనిషి, కొస వదలకుండా.