పట్టాలు తీసేసిన దారి

రాత్రి భోజనాల దగ్గర చెప్పేద్దామని ఫింటన్ నిశ్చయించుకున్నాడు. నలుగురి మధ్యా అయితే నోరీన్ గొంతు పెంచదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ మాత్రం తెలుసుకున్నాడు.

ఈలోగా ఆమెకో మంచి రోజు ఇస్తే తన మనసుకూ కాస్త తేలిక. అందుకే, అకిల్ నుంచి వెస్ట్‌పోర్ట్ దాకా పాత రైలుదారి వెంట సైకిళ్ల మీద తీరిగ్గా వెళ్దామని ఆమె అడగ్గానే సరేనన్నాడు.

ఒకప్పుడు రైలు నడిచిన దారి. ఎగుడుదిగుడులు లేవు. పక్కన సముద్రం. వీపున తోసే గాలి. నోరీన్ ముందు, అతను వెనక.

"చలికాలం రాకముందే బాయిలర్ బాగుచేయించాలి. ఆ మెకానిక్ నంబరు ఫ్రిజ్ మీద అంటించాను," అంది తల తిప్పకుండా.

"సైకిలెక్కినా బాయిలర్ గొడవేనా?"

"నేను చెప్పకపోతే నువ్వు గడ్డకట్టుకు చస్తావు."

ఈ సణుగుడు ఈ ఒక్కరోజే కదా అనుకున్నాడు. ఊనా ఇలాంటివి మాట్లాడదు. రేపు మధ్యాహ్నానికల్లా గాల్వేలో ఊనా ఇంటికి పూర్తిగా వచ్చేస్తానని మాటిచ్చాడు.

ఒకచోట ముసలి రైతు గొర్రెలను దారి దాటిస్తున్నాడు. ఇద్దరూ దిగి నిలబడ్డారు.

"కాస్త గట్టిగా తొక్కవయ్యా. మీ ఆవిడ నిన్నొదిలేసి పోయేలా ఉంది," అన్నాడు ముసలాయన.

"ఎక్కడికి పోతుంది తాతా? ఇంటి తాళాలు నా దగ్గరే ఉన్నాయి."

ముగ్గురిలోనూ ఎక్కువసేపు నవ్వింది నోరీనే.

మల్రానీలో టీ తాగారు. ఒక్క స్కోన్ రొట్టె మిగిలి ఉంటే దాన్ని రెండు చేసి, పెద్ద ముక్క అతని పళ్లెంలో పెట్టింది. ఉన్న కాస్త వెన్నా దానికే రాసింది. అక్కణ్ణుంచి బయల్దేరాక అతని సైకిల్ చైన్ ఊడింది. తంటాలు పడి ఎక్కించాడు. ఆమె తన చేతిరుమాలు తడిపి, అతని చేతులకంటిన మడ్డి ఒక్కో వేలూ పట్టుకుని తుడిచింది.

ఆమె వదిలేశాక కూడా ఫింటన్ చెయ్యి అలాగే చాచి ఉంచాడు.

న్యూపోర్ట్ దగ్గర రాతి వంతెన మీద ఆగారు. కింద ఏరు నెమ్మదిగా పోతోంది.

"బాగుంది ఇవాళ," అంది నోరీన్. "నీతో ఇలా ఒక్కరోజు గడపాలనుకున్నాను."

"ఒక్కరోజేం? మళ్లీ వద్దాం," అనేశాడు. అన్నాక, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నానని తెలిసి తనే ఆశ్చర్యపోయాడు.

ఆమె అతని కాలరు సర్ది, సైకిలెక్కింది.

వెస్ట్‌పోర్ట్ చేరేసరికి సాయంత్రమైంది. అద్దె సైకిళ్లు అప్పగించేశారు.

"నువ్వు పద. నాకు మందుల షాపులో చిన్న పనుంది," అంది. అతని చెంప మీద ముద్దు పెట్టుకుంది. అలా పెట్టుకుని ఎన్నేళ్లయిందో.

బస చేసే ఇంటి మెట్ల మీద నిలబడి ఫింటన్ ఫోన్ తీశాడు. 'నేను రావడం లేదు. ఇక నాకు ఫోన్ చెయ్యకు' అని ఊనాకు పంపాడు. వెంటనే 'నీ మొహం చూడను' అని జవాబొచ్చింది. ఫోన్ జేబులో వేసుకున్నాడు. గుండె బరువు దిగిపోయింది. ఇవాళ భోజనాల దగ్గర చెప్పాల్సిందేమీ లేదు.

ఈ దారిన సైకిళ్ల మీద వచ్చేవాళ్లు సామాను మోసుకురారు. పొద్దున బస దగ్గర వదిలేస్తే, వ్యాన్ దాన్ని సాయంత్రం బసకు ముందే చేర్చేస్తుంది. వసారాలో అతని పెట్టె ఒక్కటే ఉంది.

"మా ఆవిడ పెట్టె రాలేదే. వ్యాన్ మళ్లీ వస్తుందా?" అని ఆ ఇంటి యజమానురాలు హెనెగన్‌ను అడిగాడు.

"ఆవిడ పెట్టె ఇక్కడికెందుకొస్తుందండీ, సాయంత్రం డబ్లిన్ రైలుకు అందేలా స్టేషన్లో దింపమని పోయిన వారమే ఆవిడ ఆ వ్యానతనికి చెప్పి, ఇక్కడ గది కూడా మీ ఒక్కరికే చాలన్నారు కదా," అంది హెనెగన్.