ఐదు ఆకుల పరీక్ష

"కళ్లు తెరిచావంటే ఊరుకోను. వాసన చూసి చెప్పు."

ముసలాయన ఆకును వేళ్ల మధ్య నలిపి భార్య ముక్కు దగ్గర పెట్టాడు. పెరటి గట్టు మీద కూర్చున్న ఆమె, చెప్పినట్టే కళ్లు గట్టిగా మూసుకుని గాలి పీల్చింది.

"వామాకు."

"ఏమిటీ?"

"వామాకేనండీ. వా... మా... కు." పసిపిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు సాగదీసి మరీ చెప్పింది.

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "పుదీనా కదే, పిచ్చిమొహమా!"

ఆమె కళ్లు తెరిచింది. ఆయన చేతిలో ఆకును చూసింది, ఆయన మొహం చూసింది. "పుదీనా అంటారా?" అంది మెల్లగా.

"అంటారా ఏమిటి? నలభై ఏళ్లు మొక్కలమ్మినవాణ్ణి. కళ్లకు గంతలు కట్టినా ఆకు పేరు చెబుతానని బజారంతా నన్ను ముక్కు మేస్త్రి అనేవాళ్లు. మర్చిపోయావా అది కూడా?"

"లేదు. అదెలా మర్చిపోతాను?" అంటూ ఆమె లేచి చెంబుతో కుండీలకు నీళ్లు పోయసాగింది.

నాలుగు ఆకులయ్యాయి. నాలుగూ తప్పే. ఆసుపత్రి నర్సు పోయిన వారం వసారాలో నిలబడి అన్న మాట ఆయన ఛాతీలో ముల్లులా గుచ్చుకునే ఉంది. 'పెరట్లో మీరు పెంచుకున్న ఐదు మొక్కలే కదా! వారం రోజులు చూడండి. ఐదింట్లో మూడైనా గుర్తుపట్టకపోతే ఇంక ఇంట్లో ఉంచడం ప్రమాదం. వృద్ధుల హోమ్‌లో చేర్చాల్సిందే.' ఇద్దరూ వినేటట్టే చెప్పి వెళ్లింది. గడువు ఇవాళ్టితో సరి. పదింటికి మళ్లీ వస్తుంది.

భార్యకీ మాయరోగం ఎప్పుడు మొదలైందో ఆయనకు బాగానే తెలుసు. ముందు ఐస్‌క్రీం పుల్లల మీద మొక్కల పేర్లు రాసి కుండీల్లో గుచ్చింది. పేర్లు గుర్తుండనివాళ్లు చేసే పనే కదా! కాపీ కొడుతుందేమోనని పుల్లలన్నీ పీకి ఆయన జేబులో వేసుకున్నాడు. తర్వాత పట్టపగలే వీధి గేటుకు తాళం వెయ్యడం మొదలుపెట్టింది. తాళంచెవి బొడ్లోంచి తియ్యదు. నిన్నటికి నిన్న నిమ్మగడ్డి కోసుకొచ్చి తనే స్వయంగా టీ కాచి ఇస్తే, ఒక్క గుక్క తాగి మొహం చిట్లించి తూములో పారబోసింది. 'ఏమే?' అంటే 'ఏం లేదు, కాలింది' అంది. నిమ్మగడ్డి రుచి కూడా నాలుక మీద నుంచి చెరిగిపోయింది పాపం.

"ఇంకొక్కటే ఉంది. ఇదైనా సరిగ్గా చెప్పవే, నీకు దణ్ణం పెడతాను." చివరి కుండీలోంచి ఆకు తుంచి నలిపాడు.

ఆమె ఈసారి వాసన చూడ్డానికి చాలాసేపు తీసుకుంది.

"మరువం," అంది. "బాగా చూడండి. మరువం. మీరే నాటారు."

"కొత్తిమీర!" అని అరిచి ఆయన గట్టు మీద కూలబడ్డాడు.

ఐదుకి సున్నా.

ఆమె లేని వంటిల్లు కళ్లముందు కదిలింది. బోర్లించిన గ్లాసులు. చల్లారిన పొయ్యి. ఎవరు నీళ్లు పోస్తారని ఎండిపోయే కుండీలు. హోమ్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఆమెకు తల దువ్వుతారు. తను ఆదివారాలు వెళ్లి గుమ్మంలో నిలబడితే, 'మీరెవరండీ?' అంటుంది.

"నిన్ను పంపించి నేనేం చెయ్యనే?" అన్నాడు.

"ఎవరూ ఎక్కడికీ పోరు." ఆమె చెంగుతో ఆయన కళ్లు ఒత్తి, అరచేతిలో రెండు మాత్రలు చూపించింది. "ముందు ఇది మింగండి. మీరు మింగితేనే నేనూ మింగుతాను."

ఇదొక మంకుపట్టు. ఆమె మాత్ర వేసుకోవడం కోసం ఆయన రోజూ ఒకటి మింగి చస్తున్నాడు. ఇవాళా మింగాడు. మింగుతూనే ఒక నిశ్చయానికొచ్చాడు. అబద్ధం చెప్పేస్తాడు! వాడిన మొక్కకు నీళ్లు చల్లి తాజాదని ఏనాడూ అమ్మలేదు. అయితేనేం, ఈ ఒక్కసారికి బొంకితే కొంపలేం మునగవు.

పదింటికి గేటు చప్పుడైంది. భార్య బొడ్లోంచి తాళంచెవి తీసి గేటు తెరిచింది. నర్సు వసారాలో కుర్చీ లాక్కుని, ఫైలు తెరిచి, పెన్ను మూత తీసింది. నర్సు ఇంకా నోరు విప్పనేలేదు, ముసలాయన అందుకున్నాడు.

"ఐదుకి ఐదూ, సిస్టర్! కళ్లు మూసుకుని ఠకఠకా చెప్పేసింది. మా ఆవిడకేం, బ్రహ్మాండంగా ఉంది. నా మాట నమ్మండి."

"అలాగే తాతగారూ, నమ్మాను," అని నర్సు నవ్వి ఆయన భుజం తట్టింది. అంతలోనే నవ్వు ఆపేసి ఆయన భార్య వైపు తిరిగింది.

"చెప్పండమ్మా. ఆయన ఎన్ని గుర్తుపట్టారు?"

తన గురించి అడుగుతుందేమిటని ఆయన తెల్లబోయి భార్య వంక చూశాడు. ఆమె ఆయన జేబులోంచి తొంగిచూస్తున్న ఐస్‌క్రీం పుల్లల వైపు చూసింది.

"ఐదుకి ఐదూ, సిస్టర్. కళ్లు మూసుకుని ఠకఠకా చెప్పేశారు."