అధర్మం వైపు ముల్లు

"నీ భార్య ఇంద్రజను నీ చేతులతోనే చంపావు. ఇక నీకు ఎదురు లేదు, పృథ్వీ."

కంప్యూటరు తెర మీద ఆ మాటలు చదివి ఇంద్రజ మౌసు మీంచి చెయ్యి తీసేసింది. నర్సరీకి ఆర్డర్లేమైనా వచ్చాయేమో చూసిపెట్టమని పొద్దున మొగుడే చెప్పి తోటలోకి వెళ్లాడు. వంటా పూజా ముగించుకుని తీరా కూర్చుంటే, అక్కడున్నది ఆర్డర్లు కాదు, ఎవరో సగంలో వదిలేసిన ఆట. అందులో కత్తి పట్టుకుని నిలబడ్డవాడి పేరు పృథ్వీ. అది ఆమె మొగుడి పేరు. కిందపడి ఉన్న ఆడమనిషి పేరు ఇంద్రజ. అది ఆమె పేరే. పెళ్లయి ఇంకా నెల కూడా కాలేదు.

తెర మూలన గడియారంలాంటి బొమ్మ ఒకటి ఉంది. ఒక కొసన ధర్మం, ఇంకో కొసన అధర్మం. ముల్లు అధర్మం చివరికంటా పోయి ఆగింది. దాని కింద 'పరమ దుర్మార్గుడు' అని బిరుదు కూడా ఇచ్చారు.

ఇంద్రజకి ఇలాంటి ఆటలు కొత్తేం కాదు. కాలేజీలో తిండి మానేసి మరీ ఆడేది. వీటి గొప్పతనమంతా ఒక్క చోటే ఉందని స్నేహితురాళ్లతో వాదించేది. దొంగ దొరికితే వదిలెయ్యాలో నరకాలో ఆట చెప్పదు, మనమే తేల్చుకోవాలి. ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తామో అదే మన అసలు రంగు. బొమ్మ ముష్టివాణ్ణి కసురుకోవడానికి కూడా ఆమెకి మనసొప్పేది కాదు. ఎన్నిసార్లు ఆడినా ముల్లు ధర్మం వైపే ఉండేది.

ఇక్కడ మూడు దారులు ఇంకా తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి. భార్యను క్షమించు. పుట్టింటికి పంపెయ్యి. చంపు. పుట్టింటికి పంపే వీలుండి కూడా మూడోదే నొక్కాడు. 

"ఇంద్రజా."

గుమ్మంలో పృథ్వీ. చేతిలో మొక్కలకి అంట్లు కట్టే చాకు. ఆమె చప్పున లేచి తెరకి అడ్డంగా నిలబడింది.

"ఏంటలా చెమటలు పట్టాయి?"

"ఏం లేదండి. ఉక్కగా ఉంది."

"అయితే తోటలోకి రా. గులాబీల షెడ్డు చల్లగా ఉంటుంది. కూలీలందరూ భోజనాలకెళ్లారు. అక్కడెవరూ లేరు."

ఎవరూ లేరనగానే ఆమె చూపు చాకు మీదికి పోయింది. కొత్త మొగుడు కొత్త పెళ్లాంతో ఆ మాట ఎందుకంటాడో ఇంకో రోజైతే ఆమెకీ అర్థమయ్యేదే.

"తలనొప్పిగా ఉందండి. మీరెళ్లండి."

పృథ్వీ మొహం చిన్నబోయింది. "రేపట్నుంచి ఆషాఢం. మీ నాన్నగారొచ్చి తీసుకెళ్లిపోతారు. మళ్లీ నెల దాకా కనపడవు" అని గొణుక్కుంటూ, లారీకి మొక్కలు ఎక్కించడానికి వెళ్లిపోయాడు.

అతను గేటు దాటాడో లేదో ఇంద్రజ పెనుగొండలో పుట్టింటికి ఫోన్ చేసింది.

"నాన్నా, రేపు కాదు, ఇప్పుడే రండి. ఇంక నన్ను ఇక్కడికి పంపనని మాటిచ్చి రండి."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తింది. అత్తగారు బుజ్జమ్మ రాత్రికి బెండకాయలు తరుగుతోంది. ఆ ఇంట్లో ఇంద్రజకి మొదట దగ్గరైన మనిషి ఆవిడే. చీమల పుట్ట కనబడితే గుప్పెడు నూక చల్లి వస్తుంది. కోడలు తినందే తను కంచం ముందు కూర్చోదు. కోడలి ఏడుపు చూసి ఆవిడ కత్తిపీట పక్కకి నెట్టి, ఆమె తల ఒళ్లోకి తీసుకుంది.

"మీ అబ్బాయి కంప్యూటర్లో నన్ను చంపేశారండి అత్తయ్యగారూ. ఆ ఆటలో."

తల నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"వాడితో అన్నావా?"

"లేదండి. భయమేసింది."

"అనకు. మీ నాన్నగారి దగ్గర కూడా ఎత్తకు, పరువు పోతుంది. ఎంతైనా అది ఆటేగా తల్లీ."

"ఆట కాబట్టే భయమండి. బయటైతే నలుగురూ ఏమంటారోనని ఊరుకుంటారు. అక్కడ ఎవరూ లేరు. మనసులో ఏముందో అదే చేస్తారు."

బుజ్జమ్మ కొంగుతో కోడలి కళ్లు తుడిచి, బట్టలు సర్దుకోమంది.

ఎండ దిగేసరికి వీధిలో కారు హారను వినిపించింది. ఇంద్రజ బ్యాగు పట్టుకుని రెండడుగులు వేసింది గానీ మూడోది పడలేదు. ఇంత మంచి మనిషిని ఆ దుర్మార్గుడి దగ్గర ఒంటరిగా ఎలా వదిలిపోవడం?

"అత్తయ్యగారూ, మీరూ వచ్చెయ్యండి."

"నేనా? రేపట్నుంచి ఆషాఢమమ్మా. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నవ్వనీండి. మిమ్మల్ని ఆయనకి వదిలేసి నేను వెళ్లలేను. ఇద్దరం ప్రాణాలతో ఉంటే అంతే చాలు."

బుజ్జమ్మ కళ్లు చెమర్చాయి. లోపలికెళ్లి, రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చింది. కోడలి చెయ్యి పట్టుకుని ముందుగది దాకా నడిచి, అక్కడ ఆగింది. చెయ్యి వదిలి కంప్యూటరు ముందు కుర్చీ లాక్కుంది. కళ్లజోడు పెట్టుకుని మౌసు అందుకుంది.

"ఒక్క నిమిషం ఆగమ్మా, మీ నాన్నగారిని కూర్చోమను" అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "పొద్దున కూరగాయలావిడ కేకేస్తే మధ్యలో లేచిపోయాను. నిన్ను చంపాక సేవ్ చెయ్యలేదు. నువ్వేం నొక్కలేదు కదా?"