కోడి తాళం, మనిషి తాళం

లైట్లార్పి, ఉదయభాస్కర్ కోళ్ల షెడ్డులో ఈల వేశాడు. ఈల వింటే కోళ్లన్నీ ఒక్కసారిగా నోరు మూస్తాయి. జబ్బుపడ్డదాని గురక మాత్రం ఆగదు.

గురక వినబడింది. అది షెడ్డులోది కాదు. ఇంటి కిటికీలోంచి వస్తోంది. అక్కడ అతని భార్య హారతి మొన్నటి నుంచి జ్వరంతో పడుకుని ఉంది.

వైరస్ ఏ జంతువు ఒంట్లోకి ఏ తలుపు తాళం తీసుకుని దూరుతుందో పోల్చి చూడటం ఆమె పరిశోధన. "పునుగుపిల్లి తాళం, మన తాళం దగ్గరదగ్గరవేనండి. కోడిది వేరు. ఈ జబ్బు మనకి రాదు," అనేది, చచ్చిన కోళ్లను కోస్తూ.

ఈలకి ఆగితే జబ్బు లేనట్టే కదా! ఎండిన పెదాలతో మళ్ళీ ఈల వేశాడు.

గురక ఆగింది.

"హమ్మయ్య, హారతీ," అన్నాడు.

కాసేపటికి కోళ్లు ఒక్కొక్కటే మళ్ళీ గొణగసాగాయి. గురక మళ్ళీ వినబడని కిటికీ వైపు చెవి ఒగ్గి అతనింకా నిలబడే ఉన్నాడు.