తేలికపాటి వర్షం

"మోగుతూనే ఉంది, ఎత్తవేం?" అన్నాడు అంకుర్ హిందీలో.

భావన కదల్లేదు. సాయంత్రం ఐదూ ముప్పై ఐదు. ఈ వేళకి నాన్న తప్ప ఇంకెవరు చేస్తారు! బాపట్ల దగ్గర వ్యవసాయ క్షేత్రంలో రోజూ రెండు పూటలా ఎండనీ వాననీ గాలినీ కొలిచి పుస్తకంలో రాయడం బసవపున్నయ్య ఉద్యోగం. సాయంత్రం కొలతలు రాసేయగానే కూతురికి ఫోన్ చేస్తాడు. సెలవురోజైనా ఆ వేళ తప్పదు.

"ఇవాళ నువ్వు చెప్పకపోతే రేపు నేనే చెప్పేస్తా. రిసెప్షన్ పది రోజుల్లో పెట్టుకున్నాం," అన్నాడు అంకుర్.

"చెప్తానన్నానా!" అని కసిరి, ఫోనెత్తే ముందు ఇంకో పని చేసింది భావన. యాప్‌లో హైదరాబాద్ వాతావరణం చూసుకుంది. లైట్ రైన్, ఇరవై ఆరు డిగ్రీలు. నాలుగు నెలలుగా ఇదే తంతు.

ఎందుకంటే నాన్నకి తెలిసినంతవరకు ఆమె ఇంకా మాదాపూర్ హాస్టల్లోనే, అక్షరతో ఒకే గదిలో ఉంటోంది. ఉన్నదేమో ఢిల్లీ ద్వారకలో, తొమ్మిదో అంతస్తులో, రిజిస్టర్ పెళ్ళి చేసుకున్న మొగుడితో. తల్లి పోయాక రెండు జడలూ తనే వేసి బడికి పంపిన మనిషికి ఈ ముక్క ఎలా చెప్పాలో తెలియలేదు. వచ్చే వారం చెబుదాం, వచ్చే నెల చెబుదాం అనుకుంటూ పీకల మీదికి తెచ్చుకుంది. చెబితే ఇక జన్మలో మాట్లాడడేమోనని ఆమె భయం.

"నాన్నా!"

"ఏమ్మా, ఎలా ఉంది అక్కడ?"

"బానే ఉన్నా నాన్నా."

"నువ్వు కాదే, ఆకాశం."

ఆకాశం సంగతి ఆయన ఎప్పుడూ అడిగేదే. ఈమధ్య మాత్రం మరీ గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు.

"తేలికపాటి వర్షం పడుతోంది నాన్నా."

"అది రేడియో మాట తల్లీ. తడిసినవాళ్ళు అలా అనరు. తుంపరా? జల్లా? ముసురు పట్టిందా?"

యాప్‌లో ఇవేవీ ఉండి చావవు.

"తుంపర... కాదు, ముసురు."

"పొద్దుటి నుంచీనా?"

"లేదు, ఇందాకే మొదలైంది."

"ఇందాక మొదలైతే ముసురెలా అవుతుందే? సరే, గాలి ఎటు నుంచి?"

అప్పుడే బాల్కనీ తలుపు దభీమని కొట్టుకుంది. బయట సెక్టార్ సెక్టారంతా గోధుమరంగులో మునిగిపోతోంది. ఎదుటి బ్లాకు కనబడటం లేదు. తీగ మీద ఆరేసిన దుప్పటి ఎగిరిపోయింది.

"ఆంధీ ఆ గయీ! ఖిడ్కీ బంద్ కరో!" అని, దుమ్ముగాలొచ్చింది కిటికీ మూసెయ్యమంటూ హిందీలో అరుస్తూ అంకుర్ వంటింట్లోకి పరిగెత్తాడు.

"ఎవరమ్మా అది?"

"టీవీ నాన్నా! హాస్టల్ టీవీ."

"ఓహో. హిందీ సీరియలా?"

"ఆ... ఆ..."

బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకుంది. అయినా చెవిలో హోరు తగ్గలేదు. పాడు ఫ్లాటు, ఎక్కడా సందుల్లేకుండా కట్టి చావరు అని తిట్టుకుంది. కూర్చోలేక, నిలబడలేక, ఆ కాస్త చోటులోనే అటూ ఇటూ తిరిగింది.

"నా సంగతి సరే, నీకక్కడ ఎలా ఉంది నాన్నా?" అని మాట మార్చింది.

"ఎలా ఉందంటావా? ఇందాకటిదాకా ఒకటే ఉక్క, ఆకు కదల్లేదు. తర్వాత పడమర ఎర్రబడింది. ఇప్పుడు దుమ్ము లేచిపోతోంది. నోట్లో కరకరమని ఇసక. ముప్పై ఏళ్ళుగా కొలుస్తున్నానా, దీన్నేమనాలో నా దగ్గర మాట లేదు."

"అయ్యో! మరి బయటేం చేస్తున్నావ్ నాన్నా? లోపలికి వెళ్ళు!"

"వెళ్తాలే. నువ్వు చెప్పేదేదైనా ఉంటే చెప్పు, విని వెళ్తా. ఏమీ లేకపోతే పెట్టేస్తా. గొడుగుందా నీ దగ్గర? ఆ ముసురులో తడవకు."

లేని వానకి ఆయన గొడుగు అడిగేసరికి భావనకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఇంకా ఎన్నాళ్ళు ఈ దొంగబతుకు! ఆయనేమన్నా పడాల్సిందే.

"నాన్నా, ఇక్కడ వాన లేదు. నేను హైదరాబాద్‌లో లేను." కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఢిల్లీలో ఉన్నా. పెళ్ళి చేసుకున్నా. అతని పేరు అంకుర్. నాలుగు నెలలైంది. నీకు చెప్పాలంటే భయమేసి, రోజూ ఫోన్‌లో వాతావరణం చూసి నీకు అబద్ధాలు చెప్పా."

అవతలి నుంచి హోరు మాత్రం వినిపిస్తోంది.

"ఉన్నావా నాన్నా? తిట్టు నాన్నా. ఏదో ఒకటి అను."

"అక్షర పది రోజుల కిందటే చెప్పిందమ్మా."

భావన కమోడ్ మూత మీద కూలబడిపోయింది. "తెలుసా? మరి నన్నెందుకు అడగలేదు?"

"రోజూ అడుగుతూనే ఉన్నాగా, అక్కడెలా ఉందని. నీ నోటితో నువ్వే చెప్తావని చూశా."

ఆమెకి ఏడుపు ఆగలేదు. తలుపు అవతల అంకుర్ కంగారుగా పిలుస్తున్నా పలకలేకపోయింది. ఎక్కిళ్ళ మధ్యే, చిన్నప్పటిలా అడిగింది.

"కోపమొచ్చిందా నాన్నా?"

"రాదా మరి! బోలెడంత వచ్చింది. తీరిగ్గా కూర్చోబెట్టి తిడతా." బసవపున్నయ్య దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "ముందు ఈ గేటు దగ్గరతనికి చెప్పమ్మా, నన్ను లోపలికి రానిమ్మని."