కొబ్బరాకు కట్టిన లాంచీ

"నీకేమన్నా మతి పోయిందా థామక్కా? ఆ కొబ్బరాకు దించు ముందు!" పక్క పడవలోంచి అనాసపళ్ల నామ్ కేకేశాడు.

థామ్ దించలేదు. ఇంకో ముడి బిగించింది.

ఆ నీటి సంతలో ఎవరేది అమ్మితే అది పడవ ముందు వెదురు గడకు వేలాడదీస్తారు. గుమ్మడికాయ కట్టినవాడి దగ్గర గుమ్మడికాయలు, అనాస కట్టినవాడి దగ్గర అనాసలు. కొబ్బరాకు కడితే మాత్రం పడవనే అమ్మకానికి పెట్టినట్టు. థామ్‌కు కొట్టూ, వంటిల్లూ, పడకా అన్నీ ఆ పడవే.

"ఉంచుకుని ఏం చేసుకోనురా? రేపట్నుంచి నీళ్లమీద ఒక్క పడవ కనపడకూడదని ఖియెమ్ దొరగారి ఆర్డరు. ఒడ్డుమీద సిమెంటు షెడ్డు కట్టించాడుగా, ఇకనుంచి అందులోనే అమ్ముకోవాలంట. ఈ పడవనేం చెయ్యను, నీ నెత్తిన పెట్టనా?"

నామ్ కాసేపు గొణిగాడు. తర్వాత అనాస దించి తనూ ఆకు కట్టాడు. అతన్ని చూసి చిలగడదుంపలవాళ్లు, వాళ్లని చూసి నూడుల్స్ అమ్మే ముసలమ్మ. పొద్దెక్కేసరికి సంతంతా ఆకులే. అందరూ అమ్మేవాళ్లే, కొనే నాథుడు లేడు.

జిల్లా అధికారి ఖియెమ్ పట్నం నుంచి కొత్తగా వచ్చినవాడు. నీళ్లంటే భయం, బురదంటే అసహ్యం, ఉపన్యాసమంటే ప్రాణం. షెడ్డు ప్రారంభానికి పై అధికారుల్ని లాంచీలో తీసుకొస్తూ ఈ పచ్చదనం చూసి పొంగిపోయాడు.

"చూశారా సార్! నిన్నటిదాకా నన్ను తిట్టుకున్న జనమే, ఇవాళ మీకోసం తోరణాలు కట్టుకున్నారు. అభివృద్ధి రుచి తెలిసింది వీళ్లకి!"

అక్కడితో ఊరుకున్నాడా? మన లాంచీ బోసిగా ఉందేమిటని బంట్రోతును కసిరి, సంతలోకెల్లా పెద్ద ఆకు తెప్పించి ముందు భాగాన కట్టించాడు. దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. జనం నోటికి గుడ్డలడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక్కరూ చెప్పలేదు. బతుకు తెరువు లాక్కునేవాడికి పాఠాలు కూడా ఎవరు చెబుతారు?

పై అధికారులు ఒడ్డెక్కి కొరమీను పులుసు మీద పడ్డారు. ఖియెమ్ ఒడ్డు బురదలో ఒక్క అడుగేసి వెనక్కొచ్చి, బూట్లు తుడుచుకుంటూ లాంచీలోనే ఉండిపోయాడు. థామ్ తన పడవను లాంచీ వైపు తోసింది.

"వద్దక్కా, జైల్లో వేయిస్తాడు!" అన్నాడు నామ్.

"వేయిస్తే వేయించనీరా, అక్కడన్నా కూడు పెడతారు. పడవ ఎలాగూ పోతోంది. పోయేలోపు వీడి లాంచీని బేరమాడి, నలుగుర్నీ నవ్వించి మరీ పోతాను."

లాంచీ అంచు పట్టుకుని సంతంతా వినేలా అడిగింది.

"అయ్యగారూ, తమరు కూడా కొబ్బరాకు కట్టేశారుగా! ధరెంతో చెప్పండి మరి, కుదిరితే ఇప్పుడే తేల్చేసుకుందాం!"

ఖియెమ్ గతుక్కుమన్నాడు. గబగబా ఒడ్డు వైపు చూశాడు. పై అధికారులు ఇంకా తింటూనే ఉన్నారు. కిందికి వంగి గొంతు తగ్గించాడు.

"అరవకమ్మా తల్లీ... ధర నీ ఒక్క పడవని నీళ్లమీద ఉండనివ్వడానికా, సంత మొత్తానికా?"